మన పిల్లల ఎం.బి.ఏ. చదువు: వచ్చిన విద్యను కొలిచేదెలా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. పెన్షన్ అనేది దయతలచి ఇచ్చేది కాదని 1982లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పిన రోజు. ఏటా ఈ వేదిక మీద కరువు భత్యం, మెడికల్ రీయింబర్స్‌మెంట్, బకాయిల గురించి మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు నన్ను చదువుల గురించి మాట్లాడమన్నారు. "మన సభ్యుల ఇళ్ళల్లో ఎం.బి.ఏ. పిల్లలు చాలామంది ఉన్నారండీ. వాళ్ళకు ఏం వచ్చిందో, ఏం రాలేదో తెలుసుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి" అన్నారు. నేను అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరైన తరువాత తొమ్మిదేళ్ళు ఒక ఎం.బి.ఏ. కళాశాలలో కాస్ట్ అకౌంటింగు, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంటు పాఠాలు చెప్పాను. ఆ అనుభవం చూసి ఈ పని నాకు అప్పగించారు.

ఇది మనకు సంబంధం లేని విషయమని ఎవరూ అనుకోవద్దు. గ్రాట్యుటీలో, కమ్యుటేషన్‌లో ఎంత భాగం పిల్లల ఫీజులకు, మనవల ఫీజులకు పోయిందో ఎవరి లెక్క వారికి తెలుసు. బ్యాంకులో విద్యారుణం తీసుకుంటే తండ్రో తల్లో పక్కన కూర్చుని సంతకం పెట్టాలి. ఇల్లు కట్టించినప్పుడు శ్లాబు మీద నీళ్ళు నిలబెట్టి కారుతోందా లేదా అని చూసుకున్నవాళ్ళం మనం. రెండేళ్ళ చదువుకు లక్షలు పోసి, చివరికి వచ్చిన మార్కుల జాబితాను మాత్రం లామినేషన్ చేయించి బీరువాలో పెడుతున్నాం. నీళ్ళు నిలబెట్టి చూడటం లేదు.

మార్కులు ఉన్నాయి కదా, అవి కొలత కాదా అని మీరు అడగవచ్చు. మనం రాసిన డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఒకసారి గుర్తు చేసుకోండి. అకౌంట్ టెస్టు, జి.ఓ. టెస్టు, ఇ.ఓ. టెస్టు. వాటిలో కొన్ని పేపర్లు 'విత్ బుక్స్'. చంకలో ఫైనాన్షియల్ కోడూ ట్రెజరీ కోడూ పెట్టుకుని హాల్లోకి పోవడమే. బయటివాళ్ళకు చెబితే "పుస్తకం చూసి రాస్తే ఇంకేం, అందరూ పాసే కదా" అంటారు. ఆ పేపరు రెండుసార్లు తప్పినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళను అడగండి. కోడ్ అట్ట మొదటిసారి పరీక్ష హాల్లోనే తిప్పినవాడికి మూడు గంటలూ విషయసూచిక వెతకడానికే సరిపోయేది. రోజూ బిల్లులు చూసినవాడు సగం ప్రశ్నలకు పుస్తకం తెరవకుండానే రాసి, కాఫీకి బయటికి వచ్చేవాడు. ఎందుకంటే ఆ పేపరు 'ఫలానా ఆర్టికల్‌లో ఏముంది' అని అడగదు. 'ఫలానా ఉద్యోగి ఇలా ప్రయాణం చేశాడు, బిల్లు ఇంత పెట్టాడు, నువ్వు ఎంత పాస్ చేస్తావు, ఎందుకు' అని అడుగుతుంది. నేర్చినదాన్ని కొలవడమంటే నా దృష్టిలో అదే. మన పాత పద్ధతుల్లో పనికిరానివి బోలెడు ఉన్నాయి గాని, ఇదొక్కటి మాత్రం ఎం.బి.ఏ. కళాశాలలకు అరువు ఇవ్వదగ్గది.

ఇక చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. ఎం.బి.ఏ. మన ప్రాంతానికి కొత్త కాదు. 1957లోనే వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలుపెట్టింది. కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961లో వచ్చాయి. అప్పుడు చేరేవాళ్ళు కొద్దిమంది. ఇప్పుడు ఐసెట్ రాసి రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా జిల్లాకూ ఉన్న కళాశాలల్లో చేరుతున్నారు. చదువు విస్తరించింది కాబట్టే అందులో సారం ఎంత అన్న ప్రశ్న పుట్టింది. అమెరికాలో బిజినెస్ స్కూళ్ళకు గుర్తింపు ఇచ్చే ఏ.ఏ.సి.ఎస్.బి. అనే సంస్థ 1916 నుంచీ ఉంది. అది 2003లో తన నియమాలు మార్చుకుని, ప్రొఫెసర్లు, భవనాలు, పుస్తకాల లెక్కతో సరిపెట్టుకోకుండా, పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆధారాలతో చూపమని కళాశాలలను అడగడం మొదలుపెట్టింది. మన దేశంలో ఈ పని నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్‌ది. 1994లో ఏ.ఐ.సి.టి.ఇ. కింద పుట్టి, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. ఎం.బి.ఏ. పూర్తిచేసినవారికి ఏమేమి రావాలో అది ఐదు అంశాలుగా రాసిపెట్టింది. చదివిన సిద్ధాంతాన్ని వ్యాపార సమస్యకు ఉపయోగించడం, లెక్కలు చూసి ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, విలువలు తప్పని నాయకత్వం, వ్యాపారంలోని ఆర్థిక, చట్ట, నైతిక విషయాలు గ్రహించి వివరించగలగడం, నలుగురితో కలిసి పనిచేస్తూ నడిపించడం. చదివితే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. 'నలుగురిని నడిపించడం' వచ్చిందో లేదో మూడు గంటల పేపరులో ఎలా కనిపెడతారన్నదే చిక్కు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది లెక్క కాబట్టి కాస్త ఓపిక పట్టండి, అకౌంట్స్ వాళ్ళు నిద్రపోవద్దు.

'వర్కింగ్ క్యాపిటల్ అనగానేమి? దానిని నిర్ణయించు అంశములను వివరింపుము.' ఇది ఏటా వచ్చే పదిహేను మార్కుల ప్రశ్న. గైడులో ఎనిమిది పాయింట్లు ఉంటాయి. కంఠతా పట్టినవాడికి పన్నెండు మార్కులు ఖాయం. ఇదే విషయాన్ని నేను తరగతిలో ఇలా అడిగేవాణ్ణి. గుంటూరు దగ్గర ఒకాయనకు పురుగుమందుల దుకాణం ఉంది. నెలకు 5 లక్షల అమ్మకం, అంతా అరువే. రైతు పంట అమ్ముకున్నాక కడతాడు, సగటున నాలుగు నెలలు పడుతుంది. ఆ సరుకు కొన్న ఖరీదు నాలుగున్నర లక్షలు, కంపెనీకి నెల రోజుల్లో కట్టెయ్యాలి. సరుకు నిల్వ సంగతి వదిలేద్దాం. నెలకు 50 వేలు మిగులుతున్నాయి కదా అని పక్క ఊళ్ళో రెండో దుకాణం పెడతానంటున్నాడు. పెట్టమంటారా, వద్దంటారా?

పన్నెండు మార్కుల పిల్లవాడు "లాభం వస్తోంది కాబట్టి పెట్టవచ్చు సార్" అన్నాడు. లెక్క చూడండి. రైతుల దగ్గర ఎప్పుడూ నాలుగు నెలల అమ్మకం, అంటే 20 లక్షలు నిలిచి ఉంటాయి. అందులో ఆయన లాభం 2 లక్షలు తీసేస్తే, సరుకు ఖరీదు 18 లక్షలు. కంపెనీ ఇచ్చిన అరువు నాలుగున్నర లక్షలు పోగా, మిగతా పదమూడున్నర లక్షలు ఆయన ఎక్కడినుంచో తెచ్చి పెట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 27 వేలు వడ్డీకే పోతాయి. మిగిలిన 23 వేలల్లో అద్దె, కుర్రవాడి జీతం, కరెంటు బిల్లు. రెండో దుకాణం అదే పద్ధతిలో పెడితే ఇంకో పదమూడున్నర లక్షలు కావాలి. ఒక్క ఏడు వర్షాలు దెబ్బతీస్తే నాలుగు నెలల బాకీ పది నెలలవుతుంది. పుస్తకంలో లాభం, గల్లాపెట్టెలో అప్పు. పదో తరగతి కూడా దాటని వ్యాపారికి ఈ సంగతి ఒంటబట్టి ఉంటుంది. ఎం.బి.ఏ. పిల్లవాడికి ఎందుకు తట్టలేదు? వాడు తెలివితక్కువవాడు కాడు. అలా ఆలోచించమని ఎవరూ అడగలేదు, అంతే.

ఇప్పుడు కొలత సంగతికి వద్దాం. అలాంటి జవాబుకు ఉత్తి పదిహేనులో తొమ్మిది అని వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని జవాబును గళ్ళుగా విడదీస్తారు. అసలు సమస్య పట్టుకున్నాడా? అంకెలు సరిగా కట్టాడా? వేరే దారులు, అంటే బ్యాంకులో క్యాష్ క్రెడిట్, కంపెనీ నుంచి ఎక్కువ గడువు, రొక్కం ఇచ్చిన రైతుకు కాస్త తగ్గింపు, ఇలాంటివి ఆలోచించాడా? రైతు మీద పడే భారం లెక్కలోకి తీసుకున్నాడా? చివరికి ఒక నిర్ణయం తేల్చి చెప్పాడా? ఒక్కొక్క గడికీ సరిపోదు, ఫరవాలేదు, బాగుంది అని మూడు మెట్లు. ఏ మెట్టుకు ఏమి కనిపించాలో ముందే రాసుకుని, పిల్లలకు కూడా ముందే చూపుతారు. ఈ పట్టికను రూబ్రిక్ అంటారు. ఇద్దరు మాస్టర్లు ఒకరి అంకెలు ఒకరు చూడకుండా విడివిడిగా దిద్దాలి. ఇద్దరికీ బాగా తేడా వస్తే పట్టికలోనే లోపం ఉందని కూర్చుని సరిచేసుకోవాలి.

తరగతిలో అరవై మంది ఉన్నారనుకుందాం. అంకెలు నలభై ఎనిమిది మంది సరిగా కట్టారు, సమస్యను నలభై మంది పట్టుకున్నారు, కాని రెండో దారి ఆలోచించినవాళ్ళు పంతొమ్మిది మందే అనుకుందాం. ఇక్కడ తప్పింది ఎవరు? ఒక్కొక్క పిల్లవాణ్ణి చూస్తే వాడికి రాలేదనిపిస్తుంది. అరవై మందిని కలిపి చూస్తే మనం చెప్పలేదని తెలుస్తుంది. పరీక్షకూ ఈ కొలతకూ తేడా అక్కడే ఉంది. పరీక్ష పిల్లవాడికి పెట్టేది. ఈ కొలత కళాశాలకు పెట్టేది. పంతొమ్మిది అని తేలిన తరువాత, వచ్చే సెమిస్టరులో పాఠం మార్చి, మళ్ళీ అదే పట్టికతో కొలిచి, ఆ అంకె పెరిగిందా లేదా అని చూస్తేనే ఈ శ్రమకు అర్థం. కొలిచింది తరగతి గదికి తిరిగి రాకపోతే అదంతా స్టేషనరీ ఖర్చే.

స్టేషనరీ ఖర్చు గురించి నేను కళ్ళారా చూసిందే చెబుతాను, కళాశాల పేరు అడగవద్దు. తనిఖీ బృందం వస్తుందంటే, పూర్వం జమాబందీకి ముందు గ్రామ లెక్కలు రాసినట్టు, రాత్రులు కూర్చుని ఫైళ్ళు తయారు చేసేవారు. ప్రతి సబ్జెక్టుకూ ఆరేసి ఫలితాలు, వాటిని కోర్సు మొత్తం ఫలితాలతో జోడిస్తూ ఒకటి, రెండు, మూడు అంకెల గళ్ళ పట్టికలు. మూడుకు రెండు పాయింటు ఎనిమిది సాధించాం అని కింద మొత్తం. ఎన్ని మార్కులు వస్తే 'సాధించినట్టు' అన్న గీతను పెట్టుకునేది కళాశాలే. గీత కిందికి జరిపితే అంకె పైకి పోతుంది. మన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు గుర్తున్నాయి కదా? ఆఫీసులో అందరూ 'వెరీ గుడ్'. అందరూ అంత మంచివాళ్ళయితే ఫైళ్ళు ఎందుకు కదలలేదో ఎవరూ అడగలేదు. ఇదీ అదే బాపతు. యువ లెక్చరర్లను నేను తప్పుపట్టను. వారానికి ఇరవై గంటల పాఠాలు, ఆలస్యంగా వచ్చే జీతం, దాని పైన ఈ పట్టికలు. వాళ్ళలో ఒకమ్మాయి, "సార్, ఇది నింపే టైములో పిల్లలకు రెండు కేసులు చెప్పేదాన్ని" అంది. నిజమే చెప్పింది.

ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇంగ్లీషు. పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి, మన జిల్లా కళాశాలల్లో ఎం.బి.ఏ.లో చేరే పిల్లలు చాలామంది. ప్రెజెంటేషన్ ఇవ్వమంటే నిలబడి చెమటలు పడతారు. టౌను పిల్లవాడు రంగురంగుల స్లైడులు పెట్టి, గడగడా మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుంటాడు. మార్కులు కూడా వాడికే. ఆ పురుగుమందుల దుకాణం ప్రశ్నకు మొట్టమొదట సరైన జవాబు చెప్పిన అమ్మాయి తెలుగులో చెప్పింది. వాళ్ళ నాన్న మిర్చి రైతు. అరువు సరుకుకు దుకాణదారు ఎంత ఎక్కువ ధర వేస్తాడో ఆ అమ్మాయికి ఇంట్లోనే తెలుసు. అదే జవాబు ఇంగ్లీషులో రాయమంటే నాలుగు వాక్యాలకు ఆగిపోయింది. ఆమెకు మేనేజ్‌మెంటు రాదందామా, ఇంగ్లీషు రాదందామా? రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తే ఆ అమ్మాయికి అన్యాయం, ఆ టౌను పిల్లవాడికి అంతకంటే పెద్ద అన్యాయం. వాడికి తనకు ఏం రాదో ఎప్పటికీ తెలియదు. ఆలోచనకు ఒక గడి, భాషకు వేరే గడి ఉండాలి. భాష అక్కర్లేదని నేను అనను, ఉద్యోగానికి కావాలి. దాన్ని విడిగా కొలిచి, విడిగా నేర్పాలి అంటున్నాను.

ప్రాజెక్టు రిపోర్టుల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. బంగారు అక్షరాల అట్ట, లోపల నిరుటి సీనియరు రిపోర్టు, కంపెనీ పేరు మాత్రం మార్పు. 2022 చివర్లో చాట్ జీపీటీ వచ్చాక జిరాక్సు షాపు అవసరం కూడా తీరిపోయింది, ఎనభై పేజీలు ఒక్క పూటలో తయారు. దాన్ని నిషేధించాలని పెద్ద చర్చ జరుగుతోంది గాని, నాకు అంత భయం లేదు. కాగితం పక్కన పెట్టి ఎదురుగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ అంకె ఎక్కడిది? ఎవరితో మాట్లాడావు? నువ్వు అనుకున్నదానికి వ్యతిరేకంగా ఏమైనా కనిపించిందా? పనిచేసినవాడు మూడోదానికి ఉత్సాహంగా చెబుతాడు. పనిచేయనివాడు మొదటిదానికే నేల చూస్తాడు. కాకపోతే ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది, అరవై మందికి పదిహేను గంటలు. ఆ పదిహేను గంటలు ఇచ్చే కళాశాలేదో కనుక్కోవాలి. బృందంగా చేసే ప్రాజెక్టులకూ అంతే. ఐదుగురి పేర్లుంటాయి, టైపు చేసేది ఒకడే. ఎవరు ఎంత చేశారో ఆ ఐదుగురి చేతా రహస్యంగా రాయిస్తే చాలావరకు బయటపడుతుంది.

ఇక ప్లేస్‌మెంటు. ఫ్లెక్సీ మీద ఫొటోలు, కింద లక్షలు. అది ఉద్యోగపు కొలత, చదువు కొలత కాదు. ఐ.ఐ.ఎం. నుంచి బయటికి వచ్చినవాడికి పెద్ద జీతం వచ్చిందంటే, అందులో రెండేళ్ళ పాఠాల వాటా ఎంత, క్యాట్ పరీక్షతో ముందే ఏరి తీసుకోవడం వాటా ఎంత? విడదీయడం కష్టం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు జెఫ్రీ ఫెఫర్, క్రిస్టీనా ఫాంగ్ అనే ఆమెతో కలిసి 2002లో ఒక వ్యాసం రాశారు. ఎం.బి.ఏ. పట్టాగాని, అందులో వచ్చిన మార్కులుగాని ఆ తరువాతి ఉద్యోగ జీవితంలో విజయానికి కారణమవుతున్నాయనడానికి సాక్ష్యం చాలా తక్కువ అన్నారు. కెనడా ప్రొఫెసరు హెన్రీ మింట్జ్‌బర్గ్ 2004లో ఏకంగా పుస్తకమే రాశారు. అనుభవం లేని కుర్రవాళ్ళను తరగతి గదిలో కూర్చోబెట్టి మేనేజర్లను తయారు చేయలేమని ఆయన వాదన. మా పాత సూపరింటెండెంటు గారు ఈ మాట వింటే సంతోషించేవారు, ఆయన ఎస్.ఎస్.ఎల్.సి.తో నలభై మందిని నడిపించారు. నేను మాత్రం మింట్జ్‌బర్గ్ గారితో సగమే ఏకీభవిస్తాను. అనుభవం తరగతిలో దొరకదు, నిజమే. అనుభవం ఎదురైనప్పుడు దాన్ని ఎలా చూడాలో మాత్రం నేర్పవచ్చు. నేర్పింది వచ్చిందో లేదో చూడవచ్చు కూడా. చేరిన మొదటి వారంలో ఒక కేసు ఇచ్చి జవాబు రాయించి దాచిపెట్టండి. రెండేళ్ళ తరువాత అదే బరువున్న ఇంకో కేసు ఇవ్వండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ మధ్యలో ఆ కళాశాల ఏం చేసిందో తెలుస్తుంది. పైసా ఖర్చు లేదు. చాలాచోట్ల చేయడం లేదు.

ఐసెట్ కౌన్సెలింగుకు మనవణ్ణో మనవరాలినో వెంటబెట్టుకుని వెళ్ళేవారు, కళాశాలలో భవనం, బస్సు, ప్లేస్‌మెంటు జాబితా చూసిన తరువాత ఇంకో రెండు అడగండి. "పోయిన సంవత్సరం మీ పిల్లలకు ఏది రాలేదని తేలింది?" "దానికోసం ఈ సంవత్సరం ఏం మార్చారు?" మొదటి ప్రశ్నకు "అన్నీ వచ్చాయండీ" అంటే, ఆ ఫైళ్ళు ఎలా తయారయ్యాయో నేను ఇంతకుముందే మనవి చేశాను. "అంకెలు చదివి అర్థం చెప్పడంలో వెనకబడ్డారండీ, అందుకని రెండో సెమిస్టరులో వారానికో కేసు పెట్టాం" అని ఎవరైనా మొహమాటంగా చెబితే, భవనం చిన్నదైనా అక్కడ ఆలోచించండి.

ఇప్పటికే చదువుతున్న పిల్లలున్నవారికి కూడా ఒక పని చెబుతాను. ఈ ప్రత్యేక సంచిక చివరి పేజీల్లో మన సంఘం జమాఖర్చుల పట్టిక అచ్చవుతోంది. సభ్యత్వ రుసుము, భవన నిధి, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, అంత్యక్రియల సహాయం అన్నీ అందులో ఉన్నాయి. కింది హాలును పెళ్ళిళ్ళకు అద్దెకు ఇద్దామా వద్దా అని మనం చాలాకాలంగా తేల్చుకోలేకపోతున్నాం. ఆ పట్టికను పిల్లల చేతికి ఇచ్చి, "ఇవ్వాలా, వద్దా? రెండు పేజీల్లో రాయి. తెలుగులో అయినా సరే" అనండి. వచ్చిన జవాబులను నేనూ, మన మాజీ ఆడిట్ ఆఫీసరు గారూ విడివిడిగా, పైన చెప్పిన పట్టికతో దిద్దుతాం. బాగున్న జవాబును వచ్చే కార్యవర్గ సమావేశంలో చదివి వినిపిస్తాం. కోశాధికారి గారి అనుమతి తీసుకున్నాను. పట్టికలో తప్పులేవైనా పిల్లలు పట్టుకుంటే మాత్రం జవాబు ఆయనే చెబుతారు.

భోజనాలకు పిలుస్తున్నారు.